గుడుంబా కాదు, ఖమీర్

మా అమ్మీ గుడుంబా కాస్తోందని సంగారెడ్డిలో మా బస్తీ సగం నమ్మిన రోజులున్నాయి. మిగతా సగం కూడా నమ్మేదే, వాళ్లకు కబురు ఆలస్యంగా అందింది అంతే. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి, సిర్కా, అదే వెనిగర్, సీసా కొనాలన్నా అది దేంతో చేశారో చెప్పమని దుకాణదారుని ప్రాణం తీసే మనిషి, జామతోటలో సారా బట్టీ పెట్టిందట. ఆ మాట ఎవరు పుట్టించారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాటకు కారణమైన డ్రమ్ములు మాత్రం నావి. అందుకే ఈ సంగతి నేనే రాయాలి.

మా అబ్బా, అంటే నాన్న, బతికున్నప్పుడు సంగారెడ్డి అవతల ఒక పటేలు జామతోటను ఏటా గుత్తకు పట్టేవాడు. గుత్త అంటే భూమి, చెట్లు పటేలువి, ఆ ఏటి కాయ మాత్రం మాది. కాపలా మాది, కోత మాది, అమ్మకం మాది, కుళ్లిపోతే ఏడుపూ మాదే. కోసిన కాయను ముంబై హైవే పక్కన గొడుగు కింద పెట్టి అమ్మేవాళ్లం. అబ్బా పోయాక మా చుట్టాలంతా అమ్మీని కుట్టుమిషను కొనుక్కొమ్మన్నారు. ఆడమనిషి తోట గుత్త పట్టడమేమిటన్నారు. ఆమె అందరికీ చాయ్ పోసి, అందరి మాటా విని, మర్నాడు పటేలు దగ్గరికి వెళ్లి ఆ ఏటి గుత్త తన పేరు మీద మాట్లాడుకుని వచ్చింది. అప్పటినుంచి ఆ తోట ఆమెదే. ఏడాదికొకసారి, పటేలు నోటిమాట మీద.

చెట్టుచెట్టుకూ ఆమెకు లెక్క ఉంది. ఏ చెట్టు కాయ తియ్యన, ఏ చెట్టు కాయ గింజెక్కువ, ఏ చెట్టు మీద కోతులు ముందు దిగుతాయి, అన్నీ తెలుసు. తోట చుట్టూ ఉన్న పొలాలన్నీ ఒక్కొక్కటే తెల్లరాళ్లు పాతుకుని ప్లాట్లయిపోయాయి. మా తోట మధ్యలో మిగిలింది. పటేలు కొడుకు దాన్ని కూడా ప్లాట్లు చేద్దామని తండ్రి చెవిలో రోజూ ఊదుతూనే ఉన్నాడని మాకు తెలుసు. పటేలు ముసలాయన. చెట్లు తన చేత్తో నాటినవి కాబట్టి ఊగిసలాడుతూ ఉన్నాడు.

ఇలా ఉండగా ఒక వానాకాలం కాయంతా నల్లమచ్చ పట్టింది. జామకు వానాకాలం పంట ఎప్పుడూ అనుమానమే. కోసినప్పుడు చిన్న చుక్క కనిపిస్తుంది, లేదా అదీ కనిపించదు. గంపలో రెండు పూటలుండేసరికి ఆ చుక్క పైసా బిళ్లంత అవుతుంది, లోపలికి దిగబడుతుంది, కాయ మెత్తబడుతుంది. బూజు తెగులది. ఆ ఏడాది గంపలకు గంపలు రోడ్డు వెనక గుంతలో పారబోశాం. అమ్మీ మందు కొట్టించలేదా అంటే కొట్టించింది. పూత మీద, పిందె మీద కొట్టించింది. కోత మొదలయ్యాక కొట్టనియ్యలేదు. జామ రోజూ కోసే కాయ. ఇవాళ మందు కొట్టి రేపు కోసి ఎల్లుండి పిల్లల చేతిలో పెట్టలేనంది. మందుల షాపాయన అందరూ చేసేదదేనమ్మా అన్నాడట. అందరూ చేస్తే నేనూ చెయ్యాల్నా అని వచ్చేసిందట.

ఆ కుళ్లు చూడ్డానికి పటేలు వచ్చాడు. గుంత దగ్గర నిలబడి ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు. కోపం చేసే మనిషి కాదు. మెల్లగా చెప్పాడు.

“చెల్లె, వచ్చే వానకాలం సూస్త. అప్పుడు గూడ గిట్లనే అయితే ఇగ చెట్లు కొట్టిపిస్త. ఉన్నదంత ప్లాట్లు జేస్తమంటున్నడు కొడుకు. నేను ఎన్నొద్దులు ఆప్త?”

అమ్మీ ఆ రోజు ఇంటికొచ్చి అన్నం వండలేదు. నాకు తెలిసి ఆమె వండని రోజు అదొక్కటే.

నేనప్పటికి గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో మైక్రోబయాలజీ ల్యాబులో పని చేస్తున్నాను. ఇప్పటికీ అక్కడే. మా పనేమిటంటే గాలిలో, నీళ్లలో, మనుషుల చేతివేళ్ల మీద కంటికి కనిపించని జీవాలు ఎన్నున్నాయో చూసి, ఉన్నాయని తేలితే గోల పెట్టడం. ఈస్టు, బూజు రెండూ మాకు ఒకే పద్దు కింద వస్తాయి. రెండూ శత్రువులే. గాజుపళ్లెంలో ఒక్క తెల్ల చుక్క కనిపించిందంటే మేనేజరు మొహం మాడిపోతుంది. నేనూ ఏళ్ల తరబడి ఆ చుక్కల్ని అదే కోపంతో చూశాను.

అయితే చదువుకునే రోజుల్లో మా మేడమ్ చెప్పిన ఒక పాఠం ఆ గుంత పక్కన నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది. పండ్ల తొక్కమీద కొన్ని ఈస్టులు కాపురముంటాయి. వాటిలో కొన్ని బూజును రానివ్వవు. బూజు గింజ మొలకెత్తాలంటే కాయ మీద చిన్న గాయమో పగులో, అక్కడ ఊరే తీపి రసమో కావాలి. ఈస్టు అక్కడికి ముందే చేరి, ఆ తీపి తినేసి, ఆ జాగా నింపేస్తే బూజుకు తిండీ ఉండదు, చోటూ ఉండదు. ఇది నేను అమ్మీకి చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. చివరికి బస్సు సంగతి చెప్పాను. పటాన్‌చెరు బస్సు రాగానే కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపుకుంటాం కదా, తర్వాత ఎక్కినవాడు ఎంత మొత్తుకున్నా ఆ సీటు వాడికి రాదు కదా, అలాగన్నాను.

“అంటే ఖమీర్,” అంది ఆమె.

రొట్టెల పిండి పులియడానికి వేసేదాన్ని మేం ఖమీర్ అంటాం. అవును, దాని జాతిదే అన్నాను. అయితే బేకరీ వాళ్ల దగ్గర పొట్లం కొనుక్కొచ్చి చల్లితే అయిపోయె కదా అంది. నేనూ ముందు అదే చేశాను. పొట్లంలో ఈస్టు పిండిని పొంగిస్తుంది గానీ జామతొక్క మీద ఎండలో, వానలో నిలబడలేదు. అక్కడ పుట్టి పెరిగినదే కావాలి.

కాబట్టి వెతకడం మొదలుపెట్టాను. పారబోసిన గంపల్లోనే కుళ్లినవాటి మధ్య అంటుకుని ఉండి కూడా కుళ్లని కాయలు కొన్ని ఉన్నాయి. ఎందుకు కుళ్లలేదు అని అడగాల్సింది వాటినే. వాటి తొక్కను మరగబెట్టి చల్లార్చిన నీళ్లలో కడిగి, ఆ నీటిని పళ్లేల్లో పెంచాను. కంపెనీవి ఒక్క పళ్లెం, ఒక్క చుక్క రసాయనం తేలేదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే తర్వాత అవి కంపెనీలో కొట్టేశానని కూడా అన్నవాళ్లున్నారు. గాజుపళ్లేలు నా జీతంతో కొన్నాను. మిగతాదంతా మా వంటింట్లో దొరికిందే. ఆలుగడ్డలు ఉడికించిన నీళ్లు, చక్కెర, రంజాన్‌లో తీపి చేసుకునే చైనా గ్రాస్. అన్నీ కలిపి ప్రెషర్ కుక్కర్‌లో పెడితే ల్యాబులో వేలు పోసి కొనే జెల్లీ తయారు. అమ్మీ దాన్ని చూసి రుచి చూడనా అని అడిగింది.

పళ్లేల్లో మీగడ చుక్కల్లాంటివి లేచాయి, రకరకాలు. ఒక్కొక్క రకాన్నీ వేరు చేసి జామకాయల మీద పరీక్ష పెట్టాను. సూదితో కాయకు గాయం చేసి అందులో ఈస్టు నీళ్లు వేయడం, మర్నాడు అదే గాయంలో నల్లమచ్చ బూజు వేయడం. పక్కనే ఈస్టు లేని కాయ ఒకటి. చాలా రకాలు చేతులెత్తేశాయి. ఒకటి మాత్రం నిలబడింది. పక్క కాయ నల్లగా గుంటపడిపోయినా దాని కాయ మీద సూది గుచ్చిన మచ్చ ఎండి అలాగే ఉండిపోయింది. నేను వంటింట్లో గెంతాను. ఆ పళ్లెం తీసుకుని మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆమె చూసి, చూపించాల్సిన చోట చూపించి, పండ్ల మీద ఉండే మామూలు రకమేననీ మనుషులకు హాని లేనిదేననీ తేల్చాకే తోటలోకి తీసుకెళ్లమంది. ఆ తేలడానికి వేసవి అంతా పట్టింది.

వానలు మొదలయ్యాయి. ముందు ఒక మూలనున్న కాసిని చెట్లకు కొట్టాను. కాయ కోసి వేరే గంపలో పెట్టాం. ఆ గంప కూడా కుళ్లింది.

నా చదువు మీద, మేడమ్ మీద, ఆ ఈస్టు మీద నాకొచ్చిన కోపం చెప్పలేను. కంపెనీకి సెలవు పెట్టి రోజంతా గొడుగు కింద అమ్మీ పక్కన కూర్చున్నాను, ఎక్కడ పోతోందో చూద్దామని. ఎక్కువసేపు చూడక్కర్లేకపోయింది. మా అమ్మీ దగ్గరొక తడిగుడ్డ ఉంది. పాత దుపట్టా ముక్క. కాయను గంపలోంచి తీసి, దానితో నిగనిగలాడేలా తుడిచి, తర్వాతగానీ పైన పేర్చదు. అబ్బా నేర్పిన పద్ధతి. హైవే మీద జామ అమ్మేవాళ్లంతా చేసేదే. కార్లలో అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లకు వెళ్లేవాళ్లు మెరిసే కాయ చూసే బ్రేకు వేస్తారు. మచ్చ కాయను తుడిచిన గుడ్డతోనే మంచి కాయనూ తుడుస్తోంది. నేను నెలలు పట్టి పెంచిన ఈస్టును తీసేసి దాని చోట బూజును చక్కగా పూసి పెడుతోంది, చిరునవ్వుతో.

రోడ్డు పక్కనే కొట్లాడుకున్నాం. నేను గుడ్డ లాక్కున్నాను. ఆమె అది మళ్లీ లాక్కుంది. ఇన్నేళ్లుగా తన చేతులతో తుడిచి అమ్మిన కాయ, ఆ తుడవడమే తప్పంటే ఎవరికి మాత్రం మండదు? చీకటి పడుతుండగా గొడుగు మడిచేటప్పుడు ఆ గుడ్డను తనే చింపి గంపకు కట్టుతాడు చేసింది. మర్నాటి నుంచి కాయ తుడవలేదు. దుమ్ము పట్టినట్టుందేంటమ్మా అని ఒక కారాయన అడిగితే, తాజా కాయ గట్లనే ఉంటది, మీ ఇంట్ల నల్లా లేదా, కడుక్కొని తినుండ్రి అని జవాబిచ్చింది. ఆయన కొనకుండానే పోయాడు. కొన్ని రోజులు అలా చాలామందే పోయారు. ఆమె గుడ్డ జోలికి మాత్రం వెళ్లలేదు.

తుడవని గంప నిలబడింది. ఇక తోటంతా కొట్టాలి. తోటంతా కొట్టాలంటే పళ్లేలతో పనికాదు, డ్రమ్ములు కావాలి. ఈస్టుకు తిండి కావాలి. అన్నిటికంటే చౌక తిండి నల్లబెల్లం.

ఇక్కడే తెలివిగలవాళ్లు ఆగి ఆలోచించేవారు. మా జిల్లాలో ఎవరైనా నల్లబెల్లం ఎక్కువగా కొన్నారంటే గుడుంబాకేనని చిన్నపిల్లలక్కూడా తెలుసు. పాత బజార్లో కిరాణా సేటు మమ్మల్ని చిన్నప్పటినుంచీ ఎరిగినవాడే. అయినా నేనడిగిన బెల్లం మాట విని కళ్లజోడు పైకెత్తాడు. పైనుంచి అడుగుతారమ్మా, ఆధార్ జిరాక్స్ ఇచ్చిపో అన్నాడు. చెట్లకు అన్నాను. ఏ చెట్లకు అన్నాడు. జామచెట్లకు ఖమీర్ అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. మనవరాలి వయసు పిల్ల పాడైపోయిందే అన్నట్టు ఉంది ఆ చూపు. నాకు సిగ్గు వేయలేదు, ఒళ్లు మండింది. జిరాక్స్ ఆయన బల్లమీద పెట్టి దాని మీద చేత్తో గట్టిగా కొట్టి వచ్చాను.

తోటలో మోటారు గది పక్కన రేకుల కింద నీలం డ్రమ్ములు పెట్టాం. మరగబెట్టిన బెల్లం నీళ్లు చల్లార్చి పోసి, నా ఈస్టు కలిపి, చేపల తొట్టెల్లో బుడగలు తెప్పించే చిన్న పంపులు వేశాను. ఆ గాలి చాలా ముఖ్యం. గాలి ఆడుతున్నంతసేపు ఈస్టు తిని పెరుగుతుంది, పిల్లల్ని పెడుతుంది. గాలి ఆగితే పెరగడం మానేసి పులియబెట్టడం మొదలుపెడుతుంది. అప్పుడొచ్చే వాసన గురించి మా జిల్లా వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఒకరోజు పొద్దున్నే కరెంటు పోయింది. ఎక్కడో తీగ తెగిందన్నారు. నేను డ్యూటీలో ఉన్నాను, ఫోను లాకర్‌లో ఉంది. మధ్యాహ్నం దాకా పంపులు ఆగిపోయి, రేకుల కింద ఉక్కకు డ్రమ్ములు పొంగి, తోట దాటి రోడ్డు దాకా వాసన వెళ్లింది. నేను భోజనానికి బయటికొచ్చి ఫోను చూసేసరికి అమ్మీ నుంచి వరసగా ఫోన్లున్నాయి. ఆటో మాట్లాడుకుని పరుగెత్తాను.

నేను వెళ్లేసరికి ఎక్సైజ్ జీపు తోటలో ఉంది. ఒక సారు, ఇద్దరు కానిస్టేబుళ్లు, గేటు బయట గుంపు. పటేలు తలపట్టుకుని మోటారు గది గట్టు మీద కూర్చున్నాడు. నా భూమిలో, నా పేరు మీద అని గొణుగుతున్నాడు. గుంపులో మా బస్తీ వాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒకామె పోయిన ఈద్‌కు మా ఇంట్లో కూర్చుని షీర్‌ఖుర్మా తాగింది. ఇప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నన్ను చూస్తోంది. అమ్మీ మాత్రం డ్రమ్ములకు ముందు నిలబడి ఉంది, బురఖా పైటలా బిగించి.

నేను సారుకు చెప్పడం మొదలుపెట్టాను. గాలి, పంపు, కరెంటు, నల్లమచ్చ, అన్నీ. తడబడ్డాను కూడా. ఆయన ఓపిగ్గానే విన్నాడు. చదువుకున్న అమ్మాయివి, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు, కానీ ఫిర్యాదొచ్చింది, వాసన నాకే తెలుస్తోంది, సాంపిల్ సీసాలో పడతాను, మిగిలింది పారబోయాలి, అది రూలు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ కోపంలో నోరు జారాను. మా కంపెనీల బెల్టులో గాలికి ఎన్నెన్ని వాసనలొచ్చినా ఒక్క జీపు రాదు సార్, బెల్లం వాసనకు మాత్రం ఇంతమంది వచ్చారు అన్నాను. ఆయన తల తిప్పి సైగ చేశాడు. కానిస్టేబుల్ డ్రమ్ము మీద చెయ్యి వేశాడు.

అమ్మీ ఆ చెయ్యి పక్కనే తన చెయ్యి వేసింది.

“పారబొయ్యాలె, అంతే గద సారూ? పారబొయ్యండ్రి, నేనొద్దంట లేను. గని యాడ పారబొయ్యాల్నో మీ రూల్‌ల ఉన్నదా?”

సారు లేదన్నాడు.

“అట్లయితే నేను జెప్పిన కాడ పారబొయ్యండ్రి. గీ చెట్ల మీద. ఆకుకు, కాయకు తడవాలె. దొంగసారా అయితే చెట్లు తాగి పడిపోతయి, అప్పుడు నన్ను తీస్కపోండ్రి.”

గుంపులో ఎవరో నవ్వారు. సారు కూడా నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. తన కళ్లముందు పారబోయాలన్నదే తనకు కావలసింది, ఎక్కడైనా ఒకటే అన్నాడు. సాంపిల్ సీసా నింపి మూతపెట్టాక ఇక కానివ్వండన్నాడు. నేను పరుగెత్తి నీళ్లు కలిపాను. మందు కొట్టే పంపులు తోటలో ఉన్నవే. ఒకటి నేను వీపుకు తగిలించుకున్నాను, ఒకటి కూలీ మనిషి. ఒక డ్రమ్ము మిగిలింది, పొద్దు వాలుతోంది, జీపు వెళ్లాలి. జల్దీ కావాలని కానిస్టేబులే మూడో పంపు తీసుకుని కొట్టాడు. ఆయనకు సొంతూళ్లో పత్తి చేను ఉందట, చెయ్యి తిరిగిన మనిషి, ఆకు అడుగుక్కూడా తడిసేలా కొట్టాడు. ఒక్క వరస మాత్రం నేను వదిలేయమన్నాను. ఈస్టు పడని చెట్లు కొన్ని పక్కనే ఉంటేనే పడ్డదాని గుణం తెలుస్తుంది. అమ్మీకి అది నచ్చలేదు. పంక్తిలో కొందరికి పెట్టి కొందరికి పెట్టకపోవడమేమిటని నన్ను ఆ గోలలోనే తిట్టింది.

ఆ సాంపిల్ సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు. కేసూ రాలేదు. బస్తీలో మాత్రం మాట అంత తొందరగా చల్లారలేదు. నల్లా దగ్గర అమ్మీ వస్తుంటే మాటలు ఆగిపోయేవి. మా మేనమామ ఇంటికొచ్చి, ఇవన్నీ మనకెందుకు, తోట వదిలెయ్, పరువు ముఖ్యం అన్నాడు. అమ్మీ ఆయనకు జామకాయ కోసి ఉప్పుకారం చల్లి పెట్టింది. ఆయన తిన్నాక, ఇది ఆ ఖమీర్ పడ్డ కాయే, ఎక్కిందా అని అడిగింది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాకు మాత్రం ఆ రోజుల్లో ఎవరు నవ్వినా పళ్లు రాలగొట్టాలనిపించేది. ఎందుకు దాచాలి, నిజంగా అనిపించింది.

తర్వాత ఇంకా కొట్టాం. వాన కడిగేసిన ప్రతిసారీ మళ్లీ కొట్టాం. ఇన్వర్టర్ పెట్టాం, పంపులు మళ్లీ ఆగలేదు. ఇదేమీ మాయ కాదు. అప్పటికే లోపలికి దిగిన మచ్చను ఈస్టు ఏమీ చేయలేదు. పండు ఈగ దాన్ని చూసి నవ్వుకుంటుంది. రాలి కుళ్లిన కాయను ఏరి తోట బయట పూడ్చకపోతే ఎంత కొట్టినా దండగే. అమ్మీ రోజూ వంగి వంగి ఏరేది. కానీ గంపలు నిలబడ్డాయి. మచ్చ కాయ లేదని అనను, ఉంది. పారబోసే గుంత మాత్రం ఆ ఏడాది నిండలేదు. హైవే మీద కొనకుండా పోయిన కారాయన తర్వాత ఒకసారి కాసిని కొనుక్కెళ్లాడు. మళ్లీ వచ్చి, మీ కాయ ఇంట్లో వారం నిలిచిందమ్మా అని చెప్పి పెద్ద సంచి నింపుకుపోయాడు.

వానాకాలం కోత చివరికొచ్చిన రోజుల్లో పటేలు వచ్చాడు. కొడుకు రాలేదు, ఒక్కడే మోటారు సైకిలు మీద వచ్చాడు. నేనాయన్ని ముందు ఈస్టు పడని వరసకు తీసుకెళ్లాను. అక్కడ కాయంతా నల్లచుక్కలు, కింద పడి కుళ్లినవీ ఎక్కువే. తర్వాత పక్క వరస చూపించాను. ఆయన రెండు వరసల మధ్య అటూ ఇటూ చాలాసార్లు నడిచాడు. ఒక కొమ్మ వంచి, కాయ తిప్పి చూసి, వదిలేశాడు. అమ్మీ గంప నింపుతూ పని ఆపలేదు.

ఆయన అన్న మాటకు కట్టుబడ్డాడు. అది ఒప్పుకోవాలి. పంట నిలబడ్డది చెల్లె, సరే, ఇంకో ఏడాదికి గుత్త నీకే, కొడుక్కు నేను చెప్పుకుంటా అన్నాడు. వచ్చే వానాకాలం పంట చూసి మళ్లీ ఆలోచిద్దామన్నాడు.

నా గుండె నిండిపోయింది. అమ్మీని కావలించుకుందామని ఒక అడుగు వేశాను. ఆమె గంప కింద పెట్టి, చేతులు దులుపుకుని, పటేలు ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఏడాది వద్దు పటేలా. ఐదేండ్లకు కాయితం రాసియ్యండ్రి, నా పేరు మీద. లేదంటె రేపే కొట్టిపియ్యండ్రి. రంపం పెట్టేటోళ్లు ఎవరో నాకు తెలుసు, నేనే పిల్సుకొస్త.”

నేను బిత్తరపోయాను. చేతికొచ్చినదాన్ని ఎవరైనా అలా విసిరికొడతారా? అమ్మీ అని పిలవబోయాను. ఆమె నా వైపు చూడకుండానే చేత్తో వద్దని సైగ చేసింది. పటేలు మొహం ఎర్రబడింది. ఇన్నేళ్లలో ఆయనతో అలా మాట్లాడిన గుత్తదారు ఉండడు, ఆడమనిషి అసలే ఉండదు. ఆయన చెట్ల వైపు చూశాడు, తెల్లరాళ్ల వైపు చూశాడు. కాయితం రాస్తే కొడుకుతో ఇంట్లో ఏమవుతుందో ఆయనకు తెలుసు. మాకూ తెలుసు.

“ఐదు గాదు, మూడు,” అన్నాడు చివరికి. “శుక్రారం తాసీల్ ఆఫీస్ కాడికి రా.”

శుక్రవారం నమాజు ఉంటుంది, శనివారం వస్తానంది అమ్మీ. సరే అని ఆయన బండెక్కాడు.

బండి గేటు దాటి రోడ్డెక్కి కనిపించకుండా పోయేదాకా ఆమె నిటారుగా నిలబడింది. తర్వాత ఉన్నచోటే కూలబడింది. పరుగెత్తి పట్టుకున్నాను. ఒళ్లంతా వణుకుతోంది. జ్వరం వచ్చిన మనిషిలా పళ్లు కొట్టుకుంటున్నాయి. నీళ్లు తాగిస్తే సగం మెడ మీద ఒలికిపోయాయి. కోపం ఆపుకోలేక అడిగేశాను, ఆయన నిజంగా కొట్టించమంటే ఏం చేసేదానివని.

“సచ్చిపోయేదాన్ని బేటా,” అంది చాలా మెల్లగా. “గని ఏటేటా గిట్ల భయపడుడు ఇగ నాతోని కాదు.”

నేను ఆమె పక్కనే మట్టిలో కూర్చున్నాను. వణుకు తగ్గేదాకా చెయ్యి పట్టుకున్నాను. తగ్గాక ఆమె లేచి, నింపుతూ ఆపేసిన గంప నింపింది.